ఒళ్లు మనదే, మరి బేరం ఎవరిది?

2024 అక్టోబరు చివరి వారం. కృష్ణకు పెద్ద వరద వచ్చి వెళ్లి రెండు నెలలు కావస్తోంది. సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు దిగువకు వదిలినప్పుడు కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె వైపు లంకలు ఎట్లా మునిగాయో అందరికీ తెలుసు. నష్టం లెక్కల్లో పేర్లు రాని ఆడవాళ్లతో మాట్లాడదామని తెనాలి నుంచి రేపల్లె పాసింజరులో వెళ్లాం. మీటింగు అయిపోయింది. చాపలు చుట్టేస్తుంటే ఒకామె నా పక్కకొచ్చి, ఎవరూ వినకుండా అడిగింది.

"అక్కా, కిడ్నీ అమ్మితే నిజంగానే ముప్పై లక్షలిస్తారా?"

ఆ ముప్పై లక్షల మాట ఆమెకి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు వెంటనే తెలిసింది. ఆ సంవత్సరం జులైలో గుంటూరు ఆటో డ్రైవరు ఒకతను పోలీసుల దగ్గరికి వెళ్లాడు. లోన్ యాప్‌ల అప్పుల్లో కూరుకుపోయి, ఫేస్‌బుక్‌లో ప్రకటన చూసి ఫోను చేశానని, కిడ్నీకి ముప్పై లక్షలన్నారని, విజయవాడలో ఆపరేషన్ చేయించి అందులో పదో వంతు కూడా ఇవ్వలేదని అతని ఫిర్యాదు. పేపర్లలో, టీవీల్లో వారం రోజులు అదే. మనం ఆ వార్తలో మోసాన్ని చదివాం. ఆమె అందులో ధర చదివింది.

ఆమె మొగుడు మూడెకరాలు కౌలుకు చేస్తాడు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి పడిపోయింది. మళ్లీ అప్పు చేశారు. ఈసారి వరద వచ్చింది. భూమి వాళ్లది కాదు కాబట్టి బ్యాంకు అప్పు పుట్టదు. 2019లో చేసిన సాగుదారుల హక్కుల చట్టం భూయజమాని సంతకం పెడితేనే కౌలు కార్డు అంది. ఆ యజమాని సంతకం పెట్టనన్నాడు. అప్పు మొత్తం నాలుగున్నర లక్షలు. అందులో పొదుపు గ్రూపులో ఆమె పేరున తీసుకున్నది, ఆమె పుస్తెలతాడు తాకట్టు పెట్టి తెచ్చినది, ఆమె ఫోనులో యాప్ నుంచి తీసుకున్నది కలిపితే సగానికి పైనే. సేద్యం ఆయనది, అప్పు కాగితాల మీద వేలిముద్ర ఈమెది.

చట్టం ఒప్పుకోదని, అమ్మినవాళ్లకీ జైలేనని, ఆరోగ్యం పాడవుతుందని నాకు తెలిసినవన్నీ గబగబా చెప్పాను. ఓపిగ్గా వింది.

"సరే అక్కా, వద్దంటే వద్దు. మరి ఈ అప్పు మన సంఘం కడుద్దా?"

నా దగ్గర జవాబు లేదు. తిరుగు ప్రయాణంలో తెనాలి స్టేషను వచ్చేదాకా మాలో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న దగ్గర మొదలైంది. జవాబు దొరికిందని రాయడం లేదు. అయితే, ఈ విషయాన్ని మనం ఇంతవరకూ చూసిన తీరులో చాలా లోపం ఉందని నాకు అనిపిస్తోంది.

ఇది మన జిల్లాలకు కొత్త కాదు. 2000 సంవత్సరంలోనే పల్నాడులోని రెంటచింతల ప్రాంతంలో రైతులు పంటలు పోయి, అప్పులు తీర్చలేక కిడ్నీలు అమ్ముకున్నారని పత్రికల్లో వచ్చింది. 2018లో నరసరావుపేటలో ఒకరి ఆధార్ మీద ఇంకొకరిని దాతగా నిలబెట్టబోయిన కేసు బయటపడింది. 2023లో విశాఖ దగ్గర పెందుర్తి. 2025 జనవరిలో హైదరాబాదు సరూర్‌నగర్‌లో అనుమతులు లేని ఒక ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ కిడ్నీ ఇచ్చినవాళ్లుగా దొరికిన ఇద్దరూ తమిళనాడు నుంచి తెచ్చిన స్త్రీలు. పుచ్చుకున్న ఇద్దరూ కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు. ఒక్కో ఆపరేషన్‌కు 50 లక్షలకు పైనే వసూలు చేశారని పోలీసులు చెప్పారు. అదే సంవత్సరం నవంబరులో మదనపల్లెలో విశాఖ నుంచి తీసుకొచ్చిన ఒక యువతి కిడ్నీ తీసే క్రమంలో చనిపోయింది. డాక్టర్లూ బ్రోకర్లూ అరెస్టయ్యారు. నాలుగు రోజులు వార్తలొచ్చాయి. ఆ తర్వాత ఇంకో వార్త వచ్చింది.

ఇవన్నీ చట్టం లేక జరిగినవి కావు. 1980లలో మద్రాసు, బొంబాయి నగరాలు కిడ్నీల బజార్లుగా మారి, విదేశాల నుంచి కూడా కొనేవాళ్లు దిగుతుంటే గగ్గోలు పుట్టి 1994లో పార్లమెంటు మానవ అవయవాల మార్పిడి చట్టం చేసింది. మన రాష్ట్రం 1995లో తన సొంత చట్టం చేసుకుంది. కేంద్ర చట్టాన్ని 2011లో సవరించి శిక్షలు పెంచారు. దగ్గరి బంధువులు ఇవ్వవచ్చు. బంధువు కానివాళ్లు ఇవ్వాలంటే 'ప్రేమాభిమానాల' వల్ల గానీ మరేదైనా ప్రత్యేక కారణం వల్ల గానీ ఇస్తున్నామని అనుమతి కమిటీని ఒప్పించాలి. డబ్బు చేతులు మారకూడదు.

ఈ ప్రేమాభిమానాల తలుపులోంచే బజారంతా లోపలికి నడిచొచ్చింది. ఉమ్మడి కుటుంబం మధ్య కూడా కనిపించని అభిమానం కమిటీ ముందు పొంగిపొర్లుతుంది. ముప్పై ఏళ్లు కలిసి పనిచేసిన మనిషి పేరు సరిగా పలకలేని దాత కూడా 'ఆయన మాకు దేవుడు' అని చెప్తాడు. అది కుదరనప్పుడు ఇంకో దారి ఉంది. అందులో ఆడమనిషి మహా అనువైన సరుకు. మగవాణ్ని ఇంకొకరి తమ్ముడిగా చూపించాలంటే ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ మార్చాలి. ఆడదాన్నయితే భార్యగా చూపిస్తే చాలు. ఆధార్‌లో 'భర్త పేరు' దగ్గర ఒక్క గీత మారిస్తే, ఎవరి ఇల్లాలో వేరే వాడి ఇల్లాలైపోతుంది. పెళ్లితో ఇంటిపేరు మారడం మనకు సంప్రదాయం కదా, ఎవరికీ అనుమానం రాదు.

అమ్ముకునేవాళ్లు ఎవరు, అమ్ముకున్నాక ఏమయ్యారు అనేదాని మీద మన దేశంలో జరిగిన పనిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది 2002లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన అధ్యయనం. మాధవ్ గోయల్, ఆయన తోటివాళ్లు చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందితో మాట్లాడి రాశారు. వాళ్లలో 71 శాతం స్త్రీలు. 96 శాతం మంది అప్పు తీర్చడానికే అమ్మామన్నారు. ఆపరేషన్ అయి సగటున ఆరేళ్లు గడిచాక చూస్తే, అప్పు ఉన్నవాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి అప్పు అలాగే ఉంది. కుటుంబ ఆదాయం పెరగలేదు సరిగదా, మూడో వంతు పడిపోయింది. 86 శాతం మంది ఆరోగ్యం దెబ్బతిందన్నారు. మీలాంటి పరిస్థితిలో ఉన్న మరొకరికి అమ్మమని చెప్తారా అంటే 79 శాతం వద్దని చెప్తామన్నారు.

అంటే కిడ్నీ పోయింది, అప్పు పోలేదు. రేపల్లెలో ఆమెకి నేను మొదట చెప్పాల్సింది చట్టం సంగతి కాదు, ఈ లెక్క. పక్క కుట్లతో బిందె ఎత్తలేక, నాట్లకు వంగలేక, ఏడాదిలో వంద రోజుల కూలి పోగొట్టుకుంటే ఆ నష్టం ఏ బ్రోకరు కాగితంలోనూ ఉండదు.

స్త్రీలే ఎందుకు ఎక్కువ? అడిగితే వాళ్లు చెప్పిన కారణాలు మనకు కొత్తేమీ కాదు. 'ఆయన సంపాదించేవాడు, ఆయనకేమన్నా అయితే ఇల్లు గడవదు.' 'ఆయనకి ఒంట్లో బాగుండదు.' ఇక్కడ ఒక పక్క విషయం చెప్పాలి, నా దృష్టిలో అసలు విషయానికి అది చాలా దగ్గర. లారెన్స్ కోహెన్ అనే అమెరికన్ మానవ శాస్త్రవేత్త 1990లలో చెన్నై బస్తీల్లో కిడ్నీ అమ్ముకున్న స్త్రీలతో మాట్లాడాడు. వాళ్లలో చాలామంది అంతకుముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లని గమనించాడు. కత్తికి అలవాటుపడిన ఒళ్లు. ఒకసారి సర్కారు కోసం, కుటుంబం కోసం కోయించుకున్న ఒంటిని రెండోసారి కోయించుకోవడం పెద్ద విషయంగా తోచదు.

మన పల్లెల్లో 'ఆపరేషన్' అంటే ఏ ఆపరేషన్ అని ఎవరైనా అడుగుతారా? 'కోడలికి ఆపరేషన్ అయిందా?' అంటే అర్థం ఒక్కటే. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి ట్యూబెక్టమీ అయింది. మగవాళ్లలో ఒక శాతం కూడా చేయించుకోలేదు, అది ఎంతో తేలికైన ఆపరేషన్ అయినా సరే. ఇక గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో దేశంలో మన రాష్ట్రమే ముందుంది. ముప్పై అయిదేళ్లకే 'ఇంక దాంతో పనేముంది, తీసేయించుకో' అన్న డాక్టర్లు, ఆరోగ్యశ్రీ వచ్చిన కొత్తలో దాన్నొక ఆదాయ మార్గం చేసుకున్న నర్సింగ్ హోములు మన తెనాలి, గుంటూరు చుట్టుపక్కల ఆడవాళ్లకు తెలియనివి కావు. 'పనిలేని భాగం' అనే ఆలోచన ఆడవాళ్ల ఒంటి మీద ముందు నుంచీ ఉంది. రెండు కిడ్నీల్లో ఒకటి పనిలేనిదే అని బ్రోకరు కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఈ విషయాలు బాపట్లలో ఒక స్నేహితురాలితో చర్చించాను. ఆమె వకీలు, మన సభల్లో చాలాసార్లు మాట్లాడిన మనిషి. నా మాటలు విని సూటిగా అడిగింది: "గర్భస్రావం దగ్గర 'నా శరీరం, నా హక్కు' అంటాం. మరి కిడ్నీ దగ్గరికొచ్చేసరికి ఆ శరీరం ఎవరిదైపోయింది? ఆమె పిల్లల ఫీజు కోసం తన ఒంట్లో భాగం అమ్ముకుంటానంటే, నువ్వూ నేనూ, మనకి కడుపు నిండి ఉంది కాబట్టి, వద్దంటామా? డాక్టరుకి డబ్బు, ఆసుపత్రికి డబ్బు, మందుల కంపెనీకి డబ్బు, ఇచ్చిన దానికి మాత్రం దానధర్మమా?"

ఈ వాదనను కొట్టిపారెయ్యలేం. ముఖ్యంగా చివరి ప్రశ్నని. మార్పిడి మీద అందరూ బతుకుతుంటే ఇచ్చినవాళ్లు ఒక్కళ్లే పుణ్యంతో సరిపెట్టుకోవాలనడంలో అన్యాయం ఉంది. పైగా ఒంటిని అమ్ముకోవడం పేదవాళ్లకు కిడ్నీతోనే మొదలు కాలేదు. రొయ్యల ప్లాంటుల్లో మంచులో చేతులు పెట్టి వలిచే అమ్మాయిల వేళ్లు చూడండి. గుంటూరు మిరప యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గు వినండి. వాళ్లు అమ్ముతున్నదీ ఒంటినే కదా, కాకపోతే కొద్దికొద్దిగా.

దీని గురించి చాలా రోజులు ఆలోచించాను. నాకు కనిపించిన తేడా ఇది. గర్భస్రావం హక్కు అంటే నా ఒంటి మీద ఇంకొకరి చెయ్యి పడకుండా ఆపే హక్కు. మొగుడిదైనా, అత్తదైనా, సర్కారుదైనా. అమ్ముకునే హక్కు అంటే ఆ చేతికే నా ఒంట్లోకి దారి చూపించడం. రొయ్యల ప్లాంటులో పని ఎంత ఘోరమైనా సాయంత్రానికి షిఫ్టు అయిపోతుంది. యూనియన్ పెట్టుకోవచ్చు, సమ్మె చేయవచ్చు, వేరే పనికి పోవచ్చు. కిడ్నీ అమ్మినవాళ్లు ఏ సమ్మె చేసి దాన్ని వెనక్కి తెచ్చుకుంటారు?

ఇంకొకటి, నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఒక ఊళ్లో నలుగురు కిడ్నీ అమ్ముకుంటే అయిదో ఆమె స్వేచ్ఛ తగ్గిపోతుంది. కోహెన్ చెన్నైలో చూసింది ఇదే: కిడ్నీలు అమ్ముడవుతాయని తెలిసిన బస్తీల్లో అప్పులవాళ్లు ఇంకా గట్టిగా పట్టుకునేవాళ్లు. ఆడమనిషి ఒంట్లో తాకట్టు పెట్టని ఆస్తి ఒకటి మిగిలే ఉందని వాళ్లకు తెలుసు. 'నీ దగ్గర ఏముంది?' అనే ప్రశ్నకు ఇంతవరకూ పుస్తెలతాడు జవాబు. దాని తర్వాత ఏముందని అడిగే రోజు వస్తుంది. అమ్మటం చట్టబద్ధం అయితే, అమ్మకపోవడం ఆమె మొండితనం అవుతుంది. 'పిల్ల పెళ్లికి ఆ మాత్రం చెయ్యలేవా?' అని అత్త అడగదా? మొగుడు అడగడా? వరకట్నం కింద ఇంకేం తెచ్చావని అడిగిన సమాజం దీన్ని వదిలిపెడుతుందా?

చట్టబద్ధం చేసి ధర నిర్ణయిస్తే బ్రోకర్లు పోతారని, నిరీక్షణ జాబితా తగ్గుతుందని వాదించేవాళ్లు ఇరాన్‌ను చూపిస్తారు. 1988 నుంచి అక్కడ డబ్బిచ్చి కిడ్నీ తీసుకోవడాన్ని ప్రభుత్వమే ఒప్పుకుని, సంఘాల ద్వారా నడిపించింది. కానీ అక్కడా అమ్ముకున్నది పేదవాళ్లే. ప్రభుత్వం ఇచ్చేది చాలక విడిగా బేరాలు ఆడుకోవడమూ పోలేదు. మన దగ్గర ధర ఎవరి కోసం పెడతాం? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వేలమంది కిడ్నీలు పాడై డయాలసిస్ మీద బతుకుతున్నారు. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లోనూ అదే గతి. కిడ్నీ బజారు తెరిస్తే జీడితోటల్లో కూలి చేసే ఉద్దానం మనిషి దాన్లో కొనగలడా? ఆ మనిషి, రేపల్లె ఆమె ఇద్దరూ ఆ బజారులో ఒకే వైపు నిలబడతారు, అమ్మేవైపు.

డబ్బివ్వకపోతే ఎవరిస్తారని కూడా అంటారు. రక్తం విషయంలో మనం ఇదే విన్నాం. ఆసుపత్రుల గేట్ల దగ్గర రక్తం అమ్ముకునే మనుషులు ఉండేవాళ్లు, మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, 1998 జనవరి 1 నుంచి డబ్బుకు రక్తం ఇవ్వడం నిషేధమైంది. ఆసుపత్రులు ఆగిపోతాయన్నారు. ఆగలేదు. కాలేజీల్లో, ఊళ్లల్లో శిబిరాలు పెరిగాయి. కిడ్నీ రక్తం కాదు, నిజమే, ఇస్తే మళ్లీ ఊరదు. కానీ చనిపోయినవాళ్లు ఇవ్వగలరు. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల నుంచి అవయవాలు తీసుకునే జీవన్‌దాన్ ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలైంది. అది పెరిగినకొద్దీ బతికున్నవాళ్లను కోసే అవసరం తగ్గుతుంది. మన దేశంలో ఇప్పటికీ ఎక్కువ కిడ్నీలు బతికున్నవాళ్ల నుంచే తీస్తున్నారు.

ఇంతవరకూ అమ్మకం గురించి రాశాను. 'దానం' దగ్గరికి వస్తే నా సొంత సంగతి చెప్పకుండా ముందుకు పోలేను.

కొన్నేళ్ల కిందట మా అన్నయ్యకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. తెనాలి నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లేవాళ్లం. మార్పిడి తప్ప దారి లేదన్నారు. ఇంట్లో అందరం కూర్చున్నాం. అమ్మకు షుగరు. అప్పుడు అందరి చూపులూ నా మీద, వదిన మీద పడ్డాయి. తమ్ముడు కూడా అక్కడే కూర్చుని ఉన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు, ఏ జబ్బూ లేదు. వాడి వైపు ఎవరూ చూడలేదు. 'వాడికి చిన్నపిల్లలు' అంది అమ్మ. వదినకూ చిన్నపిల్లలే, వాళ్లు మా అన్నయ్య పిల్లలే. నా బ్లడ్ గ్రూపు కలవలేదు. హమ్మయ్య అనుకున్నానని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు.

వదిన ఇచ్చింది. కమిటీ ముందు 'ఇష్టంతోనే ఇస్తున్నారా అమ్మా?' అని అడిగారు. తలుపు బయట అమ్మ, నేను, మా మేనమామ కూర్చుని ఉన్నాం. ఇష్టంతోనే అంది. అన్నయ్య బాగానే ఉన్నాడు, అది సంతోషమే. చాలా రోజుల తర్వాత ఒకసారి నేనూ వదినా బియ్యం ఏరుకుంటూ కూర్చున్నప్పుడు, నిజంగా ఇష్టంతోనే ఇచ్చావా వదినా అని అడిగాను. నవ్వింది. "కాదంటే ఎక్కడికి పోయేదాన్ని? ఇచ్చినందుకు బాధ లేదులే. ఇవ్వనంటావా అని ఒక్కళ్లన్నా అడిగి ఉంటే బాగుండేది." స్త్రీల హక్కుల గురించి పాతికేళ్లుగా మాట్లాడుతున్న ఆడపడుచు ఆ ఇంట్లోనే ఉంది. ఆ ఒక్క మాట ఆమెకీ నోట్లోకి రాలేదు.

ఇంకో విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. పరీక్షలు జరుగుతున్న రోజుల్లో ఆసుపత్రి ఆవరణలో ఒకతను పలకరించాడు. 'ఇంటి ఆడపిల్లని ఎందుకండీ కోయించడం, నేను మనిషిని చూస్తాను' అన్నాడు. ధర కూడా చెప్పాడు. పొమ్మన్నాను కానీ, నంబరు రాసుకున్నాను. ఆ రాత్రంతా పొలం ఎంతకు పోతుందో లెక్కలు వేశాను. నా ఇంటి మనిషి చనిపోతుంటే, ఎక్కడో ముక్కూ మొహం తెలియని ఒకామె కడుపు కోయిస్తే తప్పేమిటని నాకు నేను చెప్పుకున్నాను. ఫోను చెయ్యలేదు. చెయ్యకపోవడానికి నా సిద్ధాంతం కారణమో, పొలం మీద కోర్టు కేసు ఉండడం కారణమో ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. అందుకే కొన్నవాళ్లను రాక్షసులని రాయడానికి నాకు కలం కదలదు. బతకాలనుకోవడం నేరం కాదు. కానీ ఆ ఆశ పక్కనే బ్రోకరు కాచుకుని కూర్చుంటాడు.

మా ఇంట్లో జరిగింది ఒక్క ఇంటి సంగతి కాదు. కేంద్ర ప్రభుత్వ అవయవ మార్పిడి సంస్థ నోటో లెక్కల ప్రకారం 2019 నుంచి 2023 దాకా బతికుండి అవయవం ఇచ్చినవాళ్లు 56,509 మంది. వాళ్లలో స్త్రీలు 36,038. ప్రతి వందమందిలో దాదాపు అరవై నాలుగు మంది ఆడవాళ్లే. పుచ్చుకునే దగ్గర లెక్క తిరగబడుతుంది. 1995 నుంచి 2021 దాకా మార్పిడి జరిగిన 36,640 మందిలో స్త్రీలు 6,945 మంది మాత్రమే. ఆడవాళ్లకు కిడ్నీలు తక్కువ పాడవుతాయా? పాడైనప్పుడు వాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్లే తక్కువ. తీసుకెళ్లినా, ఆమె కోసం కడుపు కోయించుకునే మొగుడు ఇంకా తక్కువ. 2025 ఆగస్టులో నోటో నిరీక్షణ జాబితాలో స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలని రాష్ట్రాలకు రాసింది. మంచిదే. కానీ జాబితా దాకా రాని ఆడదానికి ప్రాధాన్యం ఎట్లా ఇస్తారు?

డబ్బు ఉంటే అమ్మకం, లేకపోతే దానం అని చట్టం గీత గీసింది. ఆ గీతకు ఇవతల ఉన్నదంతా స్వచ్ఛందమేనని మనం కూడా నమ్మేశాం. పితృస్వామ్యానికి నోట్ల కట్టలు అక్కర్లేదు, చూపు చాలు. కమిటీలు దాతను ఒంటరిగా, కుటుంబం ఆవరణలో లేని రోజున, ఒక మహిళా కౌన్సిలర్ దగ్గర కూర్చోబెట్టి మాట్లాడించాలి. ఇవ్వనని చెప్పిన మనిషికి 'వైద్య కారణాల వల్ల కుదరదు' అని కాగితం ఇచ్చి పంపాలి. అప్పుడు ఆమె ఇంటికి తల ఎత్తుకుని వెళ్లగలదు. అబద్ధం చెప్పమంటున్నానని డాక్టర్లకు కోపం రావచ్చు. వాళ్ల ముందు ఇష్టంతోనే ఇస్తున్నానని ఆడవాళ్లు చెప్పిన అబద్ధాల ముందు ఇదెంత?

ఇక చట్టం సంగతి. అవయవానికి డబ్బు ఇచ్చినవాళ్లూ, పుచ్చుకున్నవాళ్లూ ఇద్దరూ నేరస్తులే అంటుంది అది. 2011 సవరణ తర్వాత కేంద్ర చట్టంలో శిక్ష అయిదేళ్ల నుంచి పదేళ్లు, జరిమానా 20 లక్షలకు తగ్గకుండా కోటి దాకా. నాలుగున్నర లక్షల అప్పుకు కిడ్నీ అమ్ముకున్న ఆడదాని దగ్గర 20 లక్షల జరిమానా! అది ఎవరూ వసూలు చేయలేరు, నిజమే. కానీ ఆ భయమే బ్రోకరుకు పెట్టుబడి. 'ఫిర్యాదు చేస్తే నువ్వే లోపలికి పోతావు' అనే ఒక్క మాటతో మిగతా డబ్బు ఎగ్గొట్టవచ్చు. గుంటూరు ఆటో డ్రైవరు ధైర్యం చేసి బయటికొచ్చాడు. అట్లా రానివాళ్లు ఎంతమందో. వాళ్లలో ఆడవాళ్లు ఎందరో. కట్నం చట్టం చేసినప్పుడు కూడా ఇచ్చినవాళ్లూ నేరస్తులే అన్నారు. దానివల్ల ఎంతమంది తల్లిదండ్రులు నోరు మూసుకున్నారో మన సంఘాలకు బాగా తెలుసు.

నా అభిప్రాయం ఇది. అమ్మకం నిషేధం ఉండాలి, ఇంకా గట్టిగా ఉండాలి. కానీ అది ఆసుపత్రి మీద, సర్జన్ మీద, బ్రోకరు మీద, దొంగ పత్రాలు పుట్టించిన ఉద్యోగి మీద పడాలి. పేదరికంతో అమ్ముకున్న మనిషిని నిందితురాలిగా కాక బాధితురాలిగా, సాక్షిగా చూడాలి. మిగిలిన ఒక్క కిడ్నీకి జన్మంతా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా పరీక్షలు, మందులు ఇవ్వాలి. ఆమెకి బాకీ పడిన డబ్బు ఇప్పించమని నేను అడగను, అడిగితే అమ్మకాన్ని ఒప్పుకున్నట్టే. ఆసుపత్రి లైసెన్సు పోయి, ఆస్తులు జప్తు అయినప్పుడు అందులోంచి నష్టపరిహారం మాత్రం రావాలి. బాపట్ల స్నేహితురాలు ఈ రెండింటికీ తేడా ఏమిటని నవ్వింది. తేడా ఉంది. ఒకటి సరుకు ధర, ఇంకొకటి గాయానికి బాధ్యత.

ఆమె ఇంకా ఒప్పుకోలేదు. మా ఇద్దరి వాదన సాగుతూనే ఉంది. ఈ పత్రికలో తన జవాబు రాయమని అడిగాను.

రేపల్లెలో అడిగిన ప్రశ్న మాత్రం అట్లాగే ఉంది. సంఘం అప్పు కట్టలేదు. కానీ అప్పు ఎట్లా పుట్టిందో కాగితం మీద పెట్టించడం మన చేతిలో పని. మేం ఆమెతో కలిసి కూర్చుని లెక్కలు రాశాం. యాప్ వాళ్లు అసలుకు రెండింతలు అప్పటికే లాగేశారని అప్పుడు తెలిసింది. వాళ్ల బెదిరింపు ఫోన్ల మీద పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. పొదుపు గ్రూపు అప్పు వాయిదాలు మార్చమని బ్యాంకుకు దరఖాస్తు పెట్టాం. కౌలు కార్డు కోసం భూయజమాని ఇంటికి నలుగురం వెళ్లాం. ఆయన మంచినీళ్లిచ్చాడు, సంతకం పెట్టలేదు. ఆ పొలానికి కౌలు నష్టం రాయించుకునే దారి ఏదైనా ఉందా అని వ్యవసాయ శాఖ వాళ్లను అడుగుతున్నాం.

మొన్న కలిసినప్పుడు ఫోనులో ఆ బ్రోకరు నంబరు తీసేశావా అని అడిగాను. లేదంది. "ఉండనీ అక్కా, చెయ్యనులే" అంది. తీసెయ్యమని బలవంతపెట్టలేదు. నేనూ ఒకప్పుడు అట్లాంటి నంబరే ఒకటి రాసుకుని చాలా రోజులు దాచుకున్నాను. బ్యాంకు దరఖాస్తు ఇంకా తేలలేదు. వచ్చే సోమవారం మళ్లీ రేపల్లె వెళ్తున్నాం.